దొరికిన చోటు

నార్సింగి, సీ బ్లాకు, సెల్లారు.
ట్రాన్స్‌ఫార్మర్ గది వెనక
ఉడుము. మూరన్నర. తోక కొస తెగింది.

ఫోను చేసినామె లిఫ్టు దిగలేదు.
"మొసలి పిల్లనా అన్నా?" అంది తలుపుల సందులోంచి.
బాలనర్సు గోనెసంచి విప్పుకుని
గోడ మీద దాని గోళ్లు సడలేదాకా కూచున్నాడు.
లాగితే వేలు ఊడుతుంది గానీ
పట్టు ఊడదు.

రిజిస్టరులో గళ్లు మూడే:
జాతి. దొరికిన చోటు. వదిలిన చోటు.
మూడో గడిలో రాయడానికి
ఏటేటా పేర్లు తగ్గుతున్నాయి.
కంచె లోపలి జింకలకే
తొట్లలో నీళ్లు చాలటం లేదట.

పోయిన చిత్తకార్తెలో
ఇదే తెగిన తోకను, ఇదే సంచిలో,
పదకొండు కిలోమీటర్ల అవతల వదిలొచ్చాడు.
రింగురోడ్డు కింద ఏ తూము పట్టుకుని వచ్చిందో!

సెల్లారు ఉన్నచోట ఒక గుండు ఉండేది.
ఏనుగంత. ఎండాకాలం కూడా
దాని నెర్రెల్లో చెయ్యి పెడితే చల్లన.
పేల్చిన రోజు బాలనర్సు అక్కడే,
ట్రాక్టరుకు కంకర ఎత్తే కూలికి.

ఆ సంగతికి గడి లేదు.
పెన్ను రెండుసార్లు విదిలించి రాశాడు:
దొరికిన చోటు – దాని జాగ.

పక్క గడి దగ్గర ఆగాడు.
కాళ్ల దగ్గర
సంచి కదులుతోంది.