స్తంభం మీది, వెలుగు వాళ్లది

మంగళవారం తొమ్మిదిన్నరకి హాలు తెరుస్తారు.
నా పని నిమిషాలు కొలవడం.
పచ్చదీపం వెలిగిస్తే మాట్లాడాలి,
పసుపు పడితే మాట మడుచుకోవాలి,
ఎరుపు పడితే
తల్లి చావు కబురైనా సరే, గుటక మింగాలి.

ఎదురుగా ఎత్తు మీద ఐదు కుర్చీలు.
కోటి మందికి ఐదు.
తొమ్మిది చేస్తారట ఇంకొన్నేళ్లకి,
వడ్రంగికి మాత్రం ఇంకా కబురు పోలేదు.

పదిహేడో పేరు: యులాలియా సంబ్రానో.
మైకు మెడ కిందికి వంచుకుంది.
ఆమె స్పానిష్ నా చెవిలోకి
దుబాసీ గొంతు మీదుగా, అర క్షణం ఆలస్యంగా.

"మా ఇండియానా వీధికి నడుమ ఒక గీత.
పడమటి గట్టు నగరం, తూర్పు గట్టు కౌంటీ.
నాది తూర్పు. మాకు మేయరు లేడు.
చెత్తబండికీ మీరే, కుక్క కరిస్తే మీరే.
దీపస్తంభం మా గట్టున నాటారు,
మెడ మాత్రం వీధి దాటి వంగింది.
బల్బు పోయి నాలుగేళ్లు.
నగరాన్ని అడిగితే, స్తంభం మాది కాదంది.
మిమ్మల్ని అడిగితే, వెలుగు మాకు పడదన్నారు."

నవ్వొచ్చింది. తల తిప్పి
గోడ మీది పటం చూశాను.
ఇన్నేళ్లుగా నవ్వు దాచుకోడానికి అదే చోటు.
పైన ఎడారి, నడుమ మంచు పట్టిన కొండలు,
అడుగున సముద్రంలో తేలే ఒక దీవి,
అదీ మాదే.
ఎనభై ఎనిమిది ఊళ్లు.
ఊరికీ ఊరికీ మధ్య ఎవరూ కుట్టని చిరుగులు,
ఆ చిరుగుల్లో పది లక్షల మంది.

పద్దెనిమిది వందల యాభైలో గీసినప్పుడు
ఇంతకంటే పెద్దదట. తర్వాత
ఎడారి ముక్క ఒకరు, నారింజల నేల ఇంకొకరు
పంపకాల్లో పట్టుకుపోయారు.
పటం లేని నాడు
ఏటి దగ్గర యాంగా అనే పల్లె, తోంగ్వాల పల్లె.
ఇప్పుడు అక్కడ కార్లు ఆగి ఆగి పోతాయి.
ముప్పై ఎనిమిది వరద తర్వాత ఏటికీ సిమెంటు తొడిగారు.
ఏరు ఎటు పోవాలో మేమే చెప్పాం,
ఈమె ఎటు పోవాలో
ఏ గది నంబరు చెప్పాలో తెలీదు.

పసుపు వేశాను.

"ఎదురింట్లో హారుత్యూన్.
చెప్పులు కుట్టేవాడు. నా కాలి కొలత
కాగితం చూడకుండా చెప్పేవాడు.
బల్బు పోయిన చలికాలమే గట్టు దిగుతూ పడ్డాడు,
గీతకి అడ్డంగా.
తల మీవైపు, కాళ్లు వాళ్లవైపు.
ఆస్పత్రి మీది. బూడిద మీ దగ్గర.
నేను తీసుకుంటానంటే చుట్టరికం కాగితం అడిగారు.
ఎదురిల్లు చుట్టరికం కాదన్నారు.
మూడేళ్లు అలమారలో ఉంచి
పోయిన డిసెంబరులో ఒకే గోతిలో,
ఎవరూ రాని వందల మందితో పాటు.
రాతి పలక మీద సంవత్సరం ఒక్కటే ఉంది.
వాడి పేరు నేనే పలికాను,
సరిగ్గా పలికానో లేదో.
బతికినన్నాళ్లూ నగరం మనిషి.
ఇప్పుడు నిలువునా మీ మనిషి.
ఆ గుమ్మం ముందు చీకటి
మీ మనిషిదే కాబట్టి..."

నిమిషం నిండింది.
నా వేలు బటన్ మీదే ఉంది.
నాలుగు సెకన్లు.
ఇరవై ఏళ్ల కొలువులో నేను చేసిన లంచం అదే.
ఆ నాలుగు సెకన్లలో ఆమె ఏమీ మాట్లాడలేదు.
దుబాసీ కూడా
ఆ మౌనాన్ని మాకు అర క్షణం ఆలస్యంగా అందించింది.

ఎరుపు.

పక్కన గుమాస్తా రాసుకున్నాడు:
సంబ్రానో. వీధి దీపం. సంబంధిత శాఖకు.
ఆ శాఖ ఆరో అంతస్తులో. లిఫ్టు పనిచేయడం లేదు.

పద్దెనిమిదో మనిషి లేచాడు.
ఎడారి ఊరివాడు, తెల్లారకముందే బయల్దేరినట్టుంది,
బూట్ల మీద ఇంకా ఆ దుమ్ము.
మైకు మెడ పైకి ఎత్తుకున్నాడు.

పచ్చ.