హాజరు పట్టీ

గ్రాంట్లీ హైస్కూల్ ఇప్పుడు
జిల్లా ఆఫీసు నేలమాళిగలో
పదకొండు ఇనుప బీరువాలు.
తాళాలు నా దగ్గరే ఉంటాయి.

క్లీవ్‌లాండ్ దాటి తూర్పుకి ఇరవై నిమిషాలు వెళితే
బడి ఉన్న చోట గోదాముల వరసలు.
నెలకింతని అద్దె కట్టి
జనం వాడని సోఫాలు దాచుకుంటారు.
జెండా కర్ర ఒక్కటీ పీకడం మరిచిపోయారు.
గాలి వేస్తే తాడు ఇనుముకి కొట్టుకుని
టంగుమంటుంది, ఏ పీరియడూ మారదు.

యాభై ఆరులో కట్టారు, ఉల్లిమడుల మీద.
మొదటి పదేళ్లూ వాన పడ్డప్పుడల్లా
ఫుట్‌బాల్ మైదానం ఉల్లివాసన కొట్టేదట.
ఓడి ఏడ్చిన కుర్రాళ్లు ఆ వంక చెప్పుకునేవారు.
మా జట్టు గుర్తు నీలికొంగ.
పందొమ్మిదేళ్లు కప్పు రాలేదు,
కొంగ జపం మాత్రం మానలేదు.

అరవై తొమ్మిదిలో పద్దెనిమిది వందల నలభై మంది.
కారిడార్లో ఎదురెదురు నడవలేక
నేలమీద పసుపు గీత గీశారు.
తర్వాత బోల్టుల ఫ్యాక్టరీ మూత,
ఆ తర్వాత టైర్లది,
ఆపైన ఇళ్ల ముందు అమ్మకం పలకలు.
రెండువేల తొమ్మిదికి మూడు వందల పన్నెండు.
గీత అలాగే ఉంది,
కుడి ఎడమలు ఎవరికీ అక్కర్లేకుండా.
బోర్డు మీటింగు రాత్రి పదకొండున్నర దాకా సాగింది.
నలుగురు మూసేద్దామన్నారు, ముగ్గురు వద్దన్నారు.
మినిట్సు రాసింది నేనే.
ఒకావిడ ఏడ్చిందని రాయలేదు, అందుకు గడి లేదు.

బడి పోయినా బడికి ఉత్తరాలు ఆగలేదు.
పింఛనుకి ఒకరు, నర్సు ఉద్యోగానికి ఒకరు,
ఇల్లు తగలబడి కాగితాలు పోయినవాడొకడు,
నేనక్కడ చదివానని రాసివ్వండి అంటారు.
లేని బడి తరఫున
ఉన్నారని సంతకం పెడతాను.

మొన్న మార్చిలో ఫోను:
ఆర్డీలియా పెటిఫర్డ్, డెబ్భై ఆరేళ్లు.
అరవై నాలుగులో మా బడికొచ్చిన
ఇద్దరు నల్లజాతి పిల్లల్లో ఒకామె.
"నలభై ఒక్క రోజులు గైర్హాజరని వేశారు నాకు.
ఒక్క రోజు మానలేదమ్మా నేను."

పట్టీ తీశాను. నలభై ఒక్క సున్నాలు,
గుండ్రంగా, ఓపిగ్గా, ఒకే చేతిరాత.
మిస్ హాల్‌బర్గ్‌ది. లైబ్రరీకి ఆవిడ పేరే పెట్టారు.
డెబ్భై మూడులో పద్దుల క్లాసులో
సున్నాని కొస కలిపి మూయాలని
నాకు నేర్పింది ఆవిడే.

మరి ఎక్కడున్నారు, అన్నాను.
బాయిలరు గదిలో, అంది.
క్లాసులో నా చుట్టూ బల్లలు ఖాళీ అయ్యేవి,
నా పేరు దగ్గర టీచరు గొంతు సవరించుకుని
కింది పేరుకి దిగిపోయేది.
బడి ఊడ్చే పైరెక్
పెయింటు డబ్బా బోర్లించి కూర్చోమనేవాడు.
ఆయనకి ఇంగ్లీషు అంతంత మాత్రం, నాకు లెక్కలు.
బాయిలరు మీది ఇత్తడి బిళ్ల అంకెల్ని
కూడి, హెచ్చవేసి, భాగించి నేర్చుకున్నాను.
నాలుగు ఏడు సున్నా మూడు ఒకటి తొమ్మిది.
వాటిలో నాలుగు నా బ్యాంకు పిన్ను,
ఏ నాలుగో అడక్కు.

ఆరో బీరువా, కొనుగోలు రసీదులు.
మధ్యాహ్నమంతా పట్టింది.
కార్బన్ నీలం వేళ్లకంటింది.
బాయిలరు ఒకటి, వెయ్యిన్నీ తొమ్మిది వందల యాభై అయిదు,
వరస సంఖ్య
నాలుగు ఏడు సున్నా మూడు ఒకటి తొమ్మిది.

మూసిన బడి రికార్డు దిద్దకూడదని రూలు.
ఆ రూలు టైపు చేసిందీ నేనే.
దిద్దలేదు.
రసీదుని ఆమె పేజీ వెనక గుండుసూదితో గుచ్చాను,
ఎవరు తీసినా వేలికి తగిలేలా.

తిరిగి ఫోను చేస్తే
కాసేపు ఏమీ అనలేదు.
తర్వాత అడిగింది,
ఆ బాయిలరు ఎంతకి కొన్నారో రాసుందా అని.
ఉంది, చెప్పాను.
అంతా! అంది.
"పోనీలే, చలికాలం ఆ బడిలో
వెచ్చగా ఉన్న గది అదొక్కటే."