పదిహేడో నంబరు షెల్టరు

మునిసిపాలిటీ నాకిచ్చినవి మూడు:
రాసుకునే అట్ట, సుద్దముక్కల పెట్టె,
నలభై రెండు బస్సు షెల్టర్ల చిట్టా.
కూల్చాల్సినవాటి మీద తెల్ల ఇంటూ మార్కు పెట్టి రావాలి.
వాటి చోట గాజువి వస్తాయట,
సబ్బుల ప్రకటనలతో, రాత్రంతా ఆరని దీపాలతో.

కుటాయిసిలో ఈ షెల్టర్లది మా అమ్మ ఈడు.
కాంక్రీటు గొడుగులు, గవ్వలు, సగం విప్పిన పిడికిళ్లు.
వాటి మీద రంగు పెంకులతో అతికించిన బొమ్మలు.
ఆరో నంబరులో జింకకి కొమ్ములు రాలి గాడిదైంది.
పదకొండులో ద్రాక్ష కోసే పిల్లకి ముఖం లేదు,
బుట్ట మాత్రం నిండుగా ఉంది.
ఇంటూ. ఇంటూ.

పదిహేడు దగ్గరికి చేరేసరికి
గురువారం, చీకటి, వాన.
లోపల పదకొండుమంది మగవాళ్లు
భుజాలు రాసుకుంటూ గోడ వైపు తిరిగి నిలబడ్డారు.
ఏదో దాస్తున్నారనుకున్నాను.
పాడుతున్నారు.

పంక్చర్లు వేసే జుంబెర్‌ది అడుగు గొంతు,
నేల కింద ఎవరో బరువైన బల్ల జరిపినట్టు.
దాని మీద పళ్ల డాక్టరు ఎల్గుజా నడిచాడు, ఆచితూచి.
బడిలో రసాయనశాస్త్రం చెప్పే బక్కపలచటి వలికో
తెల్లారకముందే లేచిన కోడిలా
పైకప్పు నుంచి పైకప్పుకి దూకాడు.
నార్వేలో వీళ్లు గెలిచిన వెండి కప్పు
జుంబెర్ కొట్లో ఉంది. అందులో నట్లు పోసుకుంటాడు.

"హాలు లేదా మీకు?"
"ఉంది. తివాచీ ఉంది, తెరలున్నాయి.
అవి మింగగా మిగిలిందే మాకు" అన్నాడు వలికో.

తడవకుండా నేను బద్రి పక్కన ఖాళీలోకి జరిగాను.
జుంబెర్ నా మోచెయ్యి పట్టుకుని
మెల్లగా ఇవతలికి లాగాడు.
"అక్కడ కాదమ్మా. అక్కడ నోదర్ ఉంటాడు."
అక్కడ ఎవరూ లేరు.

నాలుగో నంబరు బస్సు వచ్చింది. ఎవరూ ఎక్కలేదు.
డ్రైవరు ఇంజను ఆపేశాడు, అలవాటున్నవాడిలా.
ఇంకెంతసేపని లోపల ఒకావిడ కసిరింది.
తర్వాత తనే అద్దం దించింది.

సుద్దముక్క నా జేబులో చెమట పట్టింది.
"వచ్చే నెల" అన్నాను.
పాట ఆపి కాదు, అయ్యాక.

అప్పట్నుంచి శనివారాలు నా వెంట తిరిగారు,
చిట్టా నా దగ్గరుంది కదా.
కుండలు కొనేవాళ్లలా
ప్రతి గోడనీ వేలి కణుపుతో కొట్టి చూశారు.
ఇరవై మూడు పగిలిన కుండ.
ముప్ఫైలో కుక్క ఈనింది, నోరెత్తకుండా వచ్చేశాం.
స్టేషను ముందున్న కొత్త గాజుదానిలో
ఒక్క చరణం పాడారు.
అప్పులవాణ్ణి చూసినట్టు
రాగం వెనక్కి చూడకుండా రోడ్డెక్కి పోయింది.

చివరిది నలభై రెండు.
మూసేసిన ఫ్యాక్టరీ దాటి,
తొమ్మిదేళ్లుగా బస్సు రాని రోడ్డు మీద.
పైన ఒంటి కన్ను చేప.
జుంబెర్ ఊరికే గొంతు సవరించుకున్నాడు,
బెంచీ గుంటలో వాననీళ్లు వణికాయి.
వలికో చెంప పట్టుకున్నాడు. పన్ను నొప్పన్నాడు.
"ఏదీ, నోరు తెరు" అన్నాడు ఎల్గుజా.
తెరవలేదు.

ఇంటికెలా వెళ్లాలన్నది ఇంకా తేలలేదు.
మూడు కిలోమీటర్లు, జుంబెర్ మోకాళ్లు,
బద్రి వ్యానులో సగం ఉల్లిపాయల బస్తాలు.
ఆ రోజుకి మాత్రం పాడారు.
ఇరుకు షెల్టరు. అయినా నోదర్ చోటు వదిలారు.
ఎల్గుజా కుడి భుజం బయట తడుస్తూనే ఉంది.

వానకి సుద్ద నిలవదు.
ఆ మాట ఆఫీసులో ఎవరికీ తట్టలేదు, నేను చెప్పలేదు.
సోమవారం పెట్టిన ఇంటూలు బుధవారానికి ఉండవు.
మళ్లీ ఆరో నంబరు గాడిద దగ్గర మొదలుపెడతాను.
మా ఊళ్లో వానలు
మార్చి దాకా.