ఎనిమిదో గడి

మెహదీపట్నం డిపోల రెస్ట్ రూము.
ఒకటే ఫ్యాను, అది కూడ సగం మనసుతోని తిరుగుతది.
ట్రిప్పుకు ట్రిప్పుకు నడుమ ఇరవై రెండు నిమిషాలు.
ఖలీలుల్లా భాయ్ టిఫిన్ డబ్బా పక్కకు జరిపి
బల్ల మీద ప్లాస్టిక్ షీటు పరిచిండు.
"కుడిచేతి మూలకు తెల్ల గడి రావాలె, స్వరూపక్కా.
అది తప్పితే అంతా తప్పే."
టికెట్ మిషన్ ఒళ్లో పెట్టుకుని కూసున్న.

ఆయనకు వజీరు, నాకు మంత్రి.
ఆయన ఊంట్ అంటడు. నేను శకటు అంటె
"బండి ఏడనన్న మూలకు పోతదా?" అని నవ్విండు.
"మరి ఒంటెకు సక్కగ నడువ రాదా?" అని నేను.
ఆ పంచాయితీ ఇప్పటికీ తెగలే.

ఏనుగు చప్పున అర్థమైంది, మా బస్సు తీరే:
అడ్డమొస్తె ఆగుడు, లేకుంటె సీదా.
గుర్రమే వారం రోజులు ఏడిపించింది.
రెండిండ్లు పోయి పక్కింట్లకు దూకుతది,
నడుమ ఎవరున్నా లెక్కలేదు,
మల్లేపల్లి గల్లీల ఆటో లెక్క.
ఒక్క దూకుతోని రాజు మెడ మీద, మంత్రి మెడ మీద
ఒకేపారి కత్తి పెడ్తది.
"షా అంటె ముందు రాజే" అనుకుంట భాయ్
నా మంత్రిని మెల్లగ తీసి డబ్బా మూతల ఏసుకున్నడు.

ఇంకోనాడు ఆయన ఊంట్
దూరంగ నిలవడి ఊకె చూస్తున్నది.
నా గుర్రం కదిలిందా, ఎనక రాజు బట్టబయలు.
ఫుట్‌బోర్డు మీద ఇరుక్కున్నోని తీరు
దిగలేదు, ఎక్కలేదు నా గుర్రం.

బంటు కథ వేరే.
నడిచేది ముందుకు, కొట్టేది మూలకు,
ఎన్కకు మళ్లుడు లేనే లేదు.
రెండడుగులేసే ధైర్యం మొదట్ల ఒక్కపారే.
అట్ల రెండేసి పక్క బంటు కండ్లుగప్పి దాటబోతే
పోతపోతనే పట్టే రూలొకటి ఉందట!
చెకింగ్ స్క్వాడ్ సంగతి చెప్పినంత సల్లగ చెప్పిండు.
నేను నమ్మలే. ఇంకో ఇద్దరు డ్రైవర్లను అడిగినంక నమ్మిన.
కోట కట్టుడు మర్చిపోయి మాత్రం
ఆరాటలు ఓడిన. ఏడో, ఎనిమిదో. లెక్క పెట్టుడు బంద్ చేసిన.

బోనాల నెల, సోమవారం. వానకు బస్సులన్ని లేటు.
ఆనాడు మొదటిపారి గెలుపు వాసన తగిలింది.
బల్ల మీద మూడే మిగిలినయ్:
ఒడ్డుకు, మూలకు ఒక అడుగు ఇవతల ఆయన రాజు,
ఇటు నా రాజు, ఏడో గడిల నా బంటు.
ఎనిమిదో గడిల టక్కున పెట్టి
"మంత్రి!" అని ఒర్రిన.

భాయ్ శానసేపు చూసిండు.
షా లేదు. కదులుదామంటె జాగ లేదు.
"బరాబర్" అన్నడు.
ఎట్ల బరాబర్ అయితదని కొట్లాడిన.
"కొట్టకుంటనే కట్టేస్తివి. మరి ఏడికి పోవాలె?"
ఖాకీ గుండీలు పెట్టుకుంట వానలకు ఉరికిండు.
ఏం చేసుంటె గెలుస్తుంటినో
చెప్పలే.

మూడు దినాలు.
కూర మాడింది. నిద్రల ఆ బంటే.
జీరో టికెట్లు కొట్టుకుంట
కడ్డీల నడుమ గళ్లు లెక్కపెట్టిన.

మాసాబ్ ట్యాంక్ కాడ ఒకాయన
పది రూపాయల టికెట్‌కు ఐదు వందల నోటు తీసిండు.
"ఇంత పెద్దది నేనేం చేసుకోవాలె, చిన్నది లేదా?" అంటున్న,
అంటుంటనే నోరు ఆగిపోయింది.

మంత్రి వద్దు.
ఏనుగు.
ఏనుగైతే ఆ రాజుకు ఒక్క గడి మిగులుతది,
ఆ గడిలకే వస్తడు, రాక ఏం జేస్తడు,
ఏనుగు మూలకు జరుగుతది, ఆట కట్టు!

సిగ్నల్ కాడ అవుతల దిక్కు ఆయన బస్సు.
కిటికీలకెల్లి సగం బయటికి వంగి
"భాయ్! ఏనుగు! ఏనుగు!" అని కేకేసిన.
బస్సు బస్సంతా రోడ్డు దిక్కు చూసింది,
ఒక పిల్లగాడైతే సీటెక్కి నిలవడ్డడు.
ఆయన స్టీరింగ్ మీదికెల్లి రెండేళ్లు లేపి
గేరు ఏసిండు.

"మేడం, నా చిల్లర?"