చివరి కొమ్ము

కాశీనగరం ఔట్‌పోస్టు దగ్గర
బండి పక్కకి పెట్టమన్నారు.
కాగితాలన్నీ ఉన్నాయి.
అందుకే కోపమొచ్చిందనుకుంటా.

వెనక నాలుగొందల కోడిపిల్లలు,
అట్టపెట్టెల కన్నాల్లోంచి కిచకిచ.
"నీళ్లైనా పెట్టనీ బాబూ" అన్నాను
తెలుగులో, తర్వాత ఒడియాలో, ఆపైన చేతుల్తో.

బెల్టు తీయించారు.
లాకప్పులోకి రాత్రంతా వినబడిందది.
మూడింటికి సన్నబడింది.
నాలుగింటికి నా చెవుల్లోనేనేమో.

పొద్దున్న రైటరు చదివాడు:
బెల్టు ఒకటి, ఫోను ఒకటి,
నూటపదకొండు రూపాయలు.
"అన్నీ ముట్టాయని సంతకం పెట్టు."
మనవిలాగే గుండ్రటి అక్షరాలు,
ఒక్కటీ నాకు చదవరాదు.

పోలాకి దాలినాయుడు.
పూర్తి పేరు రాశాను, నెమ్మదిగా.
చివరి కొమ్ము మాత్రం ఇవ్వలేదు.
వాళ్లకి తెలుగు రాదుగా.