తవుడు ఖరీదు

మంచం చీటీ మీద తవిటిరాజు అని ఉంది.
ఆ పేరు నాకు ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు.
పైన ఇద్దరు పోతే
మూడోవాణ్ణి చేటలో పెట్టి పొరుగింటికి అమ్మి
గుప్పెడు తవుడిచ్చి తిరిగి కొనుక్కుంటారు మా వైపు.
ఇంత చవక బిడ్డ నాకెందుకని
చావు పక్కింటికి పోతుందని.

పందొమ్మిదేళ్లకి మళ్లీ కొన్నారు.
ఈసారి అక్క ఒంట్లోంచి తీసిన మూలకణాలతో,
చీపురుపల్లి దగ్గర ముప్పై సెంట్లతో.

విజయనగరంలో, మూడో అంతస్తులో, రెండు తలుపుల వెనక గది.
ఒకటి మూశాకే రెండోది తియ్యాలి.
గాలిని కూడా వడకడతారు.
పువ్వు రాకూడదు, పెరుగు రాకూడదు,
కన్నతల్లి అద్దానికి ఇవతలే.
నేను వెళ్తాను, రోజుకి నాలుగుసార్లు, తుడుపుకర్రతో.

పలక మీద తెల్లకణాల లెక్క
సున్నా, సున్నా, సున్నా.
పన్నెండో రోజు నూట ఇరవై.
"పిన్నీ, మొలకొచ్చింది" అన్నాడు.
నవ్వితే పెదవి చిట్లింది.

ఆ రాత్రే మా మనవడికి రొంప.
ఉయ్యాల్లో వాడి ముక్కు కొంగుతో తుడిచి
ముద్దు పెట్టుకున్నాను.
మూడోనాటికి నా గొంతులో గరగర.

సూపర్‌వైజరు రోజూ గుమ్మంలో అడుగుతాడు,
దగ్గా, రొంపా, జ్వరమా?
లేదు బాబూ.
ఉందంటే ఇంటికి పొమ్మంటాడు.
కాంట్రాక్టరు పుస్తకంలో రొంపకి గడి లేదు.
రెండు మాస్కులు కట్టాను.
రెండు తలుపుల నడుమ ఇరుకులో తుమ్మి
చేతులు కడుక్కుని
లోపలికెళ్లాను.

వారం తిరక్కుండా అతనికి దగ్గు.
ముక్కులో పుల్ల పెట్టి చూస్తే
పసిపిల్లలకొచ్చే వైరసట.
వాళ్లకైతే నాలుగు రోజుల చీమిడి.
ఇతనికి ఊపిరితిత్తుల నిండా.

డాక్టరమ్మ మమ్మల్ని వరసలో నిలబెట్టి
తిట్టలేదు. అదే కష్టం.
"ఎవరికైనా ఉండిందా? జీతం కొయ్యనివ్వను, చెప్పండి."
నర్సు నేల చూసింది. అన్నం బండి కుర్రాడు నేల చూశాడు.
నేల నేను తుడిచిందే,
మొహం కనపడుతోంది.

"నాకుండింది" అన్నాను.
నాదే అని ఎవరూ అనలేదు.
కాదనీ అనలేదు.

ఇప్పుడు కింద, మందుల కొట్టు పక్క మెట్ల మీద కూర్చుంటాను.
వాళ్లమ్మ వచ్చి అడుగుతుంది,
"లోపలికెళ్తావు కదమ్మా, ఎలాగున్నాడు?"
నన్ను రానివ్వట్లేదమ్మా, రొంప.
"అయ్యో, జాగ్రత్త తల్లీ" అని
ఫ్లాస్కు మూతలో అల్లం టీ పోసి
వేడి తగ్గేదాకా
తనే పట్టుకుని నిలబడింది.