రెండు ఫారం పదహార్లు

మిట్టూరులో ఏకాంబరం జెరాక్స్ షాపు, జులై ఇరవై తొమ్మిది.
రోడ్డు మీద తోతాపురి ట్రాక్టరు ఒకటి చెడిపోయి నిలబడింది.
ఎండకి మగ్గిన కాయల వాసన లోపలికి వస్తా ఉంది.
ఏకాంబరం కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి
నా రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టాడు,
కుదరని జాతకాల్లా.
ఒకదాంట్లో హంసవేణి కె.
ఇంకోదాంట్లో కొండూరి హంసవేణి.

"ఇదేంది పాపా, సంవత్సరం ఒకటే,
నువ్వు ఇద్దరుగా ఉండావే?"

ఉన్నాను మరి.
ఏప్రిల్ నుంచి జులై దాకా రాణిపేటలో,
తోళ్ళ ల్యాబులో క్రోమియం లెక్కపెడతా.
ఆగస్టు ఇరవై నుంచి ఇక్కడ,
మామిడి గుజ్జులో తీపి కొలుస్తా.
నడుమ నరహరిపేట చెక్‌పోస్టు,
టెంపోలో మంచం, గ్రైండరు,
ప్లాస్టిక్ స్టూలు మీద నేను.

రాణిపేట కంపెనీ అనుకుంది:
ఈమెకి ఏడాదికి వచ్చేది ఇంతే, పన్ను పడదు.
చిత్తూరు కంపెనీ అనుకుంది:
ఈమె ఆగస్టులో పుట్టింది,
అంతకు ముందు తిన్నది లేదు, కట్టుకున్నది లేదు, పన్ను పడదు.
ఇద్దరూ జాలిపడి
చెరొక యాభై వేలు మినహాయించారు.

"ఒకే పూట రెండు పెండ్లిండ్లలో తిన్నావు,
ఒక ఇస్తరాకు వాపసు ఇచ్చేయాల," అన్నాడు ఏకాంబరం.
కలిపాడు.
నలభై మూడు వేల నూట అరవై.
వడ్డీ వేరే.

మా ల్యాబులో పద్నాలుగు తీపి ట్యాంకునీ
పదహారు తీపి ట్యాంకునీ సగంసగం కలిపితే
పదిహేను దగ్గర ఆగుతుంది, ఎన్నిసార్లు చూసినా.
నాకు తెలిసిన కలపడం అది.
ఇక్కడ ఇద్దరు లేనివాళ్ళని కలిపితే
ఒక ఉన్నవాడు తేలాడు.

వృత్తి పన్నుది ఇంకో కథ.
అవతల ఆరు నెలలకీ ఒకేసారి పట్టుకున్నారు, సెప్టెంబరు దాకా.
ఇవతల ఆగస్టు నుంచే నెలకి రెండొందలు.
అంటే ఆగస్టు, సెప్టెంబరు
నేను రెండు రాష్ట్రాల్లోనూ పనిచేశాను.
కాగితాలు ఉన్నాయి.

నిజానికి ఆగస్టులో పంతొమ్మిది రోజులు
నేను యాడా లేను.
కాట్పాడిలో సెల్వరాణి వాళ్ళ మిద్దె మీద గది,
పది దాకా నిద్ర.
వాళ్ళ చిన్నదానికి రెండు జడలు వేశాను, వంకరగా.
స్టేషన్ మైకు మూడు భాషల్లో
ఎవరెవరి ఊళ్ళో పిలుస్తుంటే
మధ్యాహ్నం మళ్ళీ పడుకున్నాను.
పదమూడో రోజు అన్నం కలుపుకుంటూ
చేతిని ముక్కు దగ్గర పెట్టుకున్నాను.
పులుసు వాసన తప్ప ఏమీ లేదు.
పన్నెండేళ్ళ తోలు పోయింది.
ఇంకొకసారి చూసుకున్నాను.
సెల్వరాణికి కూడా చెప్పలేదు.

"ఆ నడమ ఆదాయం ఏమన్నా వచ్చిందా పాపా?"
"లేదన్నా."
సున్నా కొట్టాడు.

అడ్రసు అడిగితే
నా నోరు కాట్పాడి డోరు నంబరు సగం చెప్పేసింది.
"ఆగన్నా, అది కాదు. సంతపేట."
చెరిపాడు. చెరపడానికి అతనికి
కొట్టినంత సేపు పట్టలేదు.

ఓటీపీ కోసం ఇద్దరం నా ఫోను వైపు చూశాం.
బయట డ్రైవరు కాయలు ఇంకో బండికి ఎక్కిస్తున్నాడు.
కిలోకి నాలుగు రూపాయలు కూడా రావంట ఈసారి,
కింద దొర్లినవాటిని ఎవరూ ఏరుకోవడం లేదు.
వాటిని తప్పించుకుంటూ ఒక ఆవు వచ్చింది,
తర్వాత తప్పించుకోవడం మానేసింది.

టింగుమంది.
గబగబా చదివేశాను:
నాలు, ఎట్టు, ఒణ్ణు, ఒణ్ణు, అంజు, రెండు.
అరవంలో చదివానని
అయిపోయాక గానీ తెలియలేదు.
ఏకాంబరం అప్పటికే
ఆరంకెలూ కొట్టేసి ఉన్నాడు.